హ్యారీ స్ట్రీట్ నల్ల చిరుత

డబ్లిన్‌లో గ్రాఫ్టన్ స్ట్రీట్ రద్దీలోంచి ఒక పక్కకి తిరిగితే హ్యారీ స్ట్రీట్ వస్తుంది. వీధి అంటారు గానీ మన లెక్కలో అదొక చిన్న సందు. అక్కడ మనిషి ఎత్తున ఒక కంచు విగ్రహం. గుబురు ఉంగరాల జుట్టు, పొడుగాటి కాళ్లు, బేస్ గిటార్. దగ్గరికెళ్లి చూస్తే గిటార్ తీగల మధ్య అభిమానులు దోపి వెళ్లిన రంగురంగుల పిక్‌లు కనిపిస్తాయి. గుడి చెట్టుకి ముడుపులు కట్టినట్టు, వచ్చిన ప్రతివాడూ ఒకటి పెట్టి వెళ్తాడు. 2005 ఆగస్టులో ఈ విగ్రహం వెలిసింది. ఆవిష్కరించింది కన్నతల్లి ఫిలొమినా. విగ్రహంలో ఉన్నది ఆమె కొడుకు ఫిల్ లైనట్. థిన్ లిజీ రాక్ బ్యాండ్ నాయకుడు, ఐర్లండ్ తన సొంతం అని చెప్పుకునే నల్లవాడు.

నేను ఈ కథ హిప్-హాప్ గురించి రాయాలని మొదలుపెట్టాను. ఐర్లండ్‌లో ఇవాళ ర్యాప్ పాడుతున్న ఆఫ్రికన్ కుటుంబాల పిల్లలు, వాళ్లకి కామిక్స్ మీద ఉన్న పిచ్చి, వాళ్ల గురించి రాసే విలేఖరులు, ఇదీ విషయం. కానీ ఏ దారిలో వెళ్లినా చివరికి ఈ సందులోకే వచ్చి పడ్డాను.

ఫిల్ 1949లో ఇంగ్లండ్‌లో పుట్టాడు. తండ్రిది బ్రిటిష్ గయానా. మద్రాసు రేవులో ఓడలెక్కి మన తెలుగు కూలీలు చెరకు తోటలకి వెళ్లిన గయానాయే అది. తల్లి డబ్లిన్ మనిషి. పెళ్లి కాని తెల్ల పిల్ల నల్ల బిడ్డని చంకనెత్తుకుని బతకడం ఆ రోజుల్లో ఎంత నరకమో ఊహించుకోవచ్చు. పిల్లాడు చిన్నవాడిగా ఉండగానే డబ్లిన్‌లోని క్రమ్లిన్ పేటకి, అమ్మమ్మ దగ్గరికి పంపింది. ఆ పేటలో అలాంటి రంగున్న పిల్లాడు ఇంకొకడు దొరకడం కష్టం. వాడు అక్కడే పెరిగాడు, అక్కడి యాసే మాట్లాడాడు, అక్కడి కథలే విన్నాడు. దాంతో పాటు అమెరికా నుంచి వచ్చే మార్వెల్, డీసీ కామిక్స్ తెగ చదివాడు.

డెబ్బైల మొదట్లో ఫిల్‌కి జిమ్ ఫిట్జ్‌పాట్రిక్ అనే చిత్రకారుడు పరిచయమయ్యాడు. చే గెవారా ముఖాన్ని ఎర్రటి నేపథ్యం మీద నలుపు గీతల్లో వేసి ప్రపంచమంతా గోడలకెక్కించింది ఈయనే, 1968లో. ఈ ఇద్దరినీ కలిపింది రెండు ఇష్టాలు. ఒకటి అమెరికన్ కామిక్స్, రెండోది ఐర్లండ్ పురాణాలు. వెండి చెయ్యి ఉన్న రాజు నువాడా, ఒంటిచేత్తో సైన్యాన్ని ఆపిన కుకులిన్ లాంటి వీరుల కథలవి. మనకి చందమామ అట్టల మీద వడ్డాది పాపయ్య గారు పురాణ పురుషులకి ఎలా ప్రాణం పోశారో, ఫిట్జ్‌పాట్రిక్ కెల్టిక్ దేవతలకీ వీరులకీ అలా పోశాడు. కాకపోతే ఆయన గీతలో మార్వెల్ కండరాలు, మార్వెల్ మెరుపులు కూడా ఉంటాయి. 1973లో వచ్చిన 'వాగబాండ్స్ ఆఫ్ ది వెస్టర్న్ వరల్డ్' ఆల్బంతో ఆయన థిన్ లిజీకి అట్టలు వేయడం మొదలుపెట్టాడు. 1976లో వచ్చిన 'జైల్‌బ్రేక్' అట్ట మీదైతే ఓవర్‌మాస్టర్ అనే నియంత మీద తిరగబడ్డ వీరుల కథే నడుస్తుంది. పాటల ఆల్బం కొన్నవాడికి చేతిలో ఒక కామిక్ పుస్తకం కూడా పడ్డట్టే.

నాకు మాత్రం ఆ అట్టలన్నిటిలోకీ 1974 నాటి 'నైట్‌లైఫ్' ముఖ్యం. చీకటి పడ్డ నగరం, దాని ముందు ఒక నల్ల చిరుత. అట్ట మీద బ్యాండ్ వాళ్ల ముఖం ఒక్కటీ లేదు. ఆ చిరుతే ఫిల్ అనీ, అందులో బ్లాక్ పాంథర్లకీ, మాల్కం ఎక్స్‌కీ, మార్టిన్ లూథర్ కింగ్‌కీ ఒక మౌన నివాళి ఉందనీ ఫిట్జ్‌పాట్రిక్ తర్వాతి కాలంలో చెప్పాడు.

ఆ చిరుత పుట్టుక చిత్రమైనది. 1966 జులై తేదీతో వచ్చిన 'ఫెంటాస్టిక్ ఫోర్' 52వ సంచికలో స్టాన్ లీ, జాక్ కర్బీ ఇద్దరూ బ్లాక్ పాంథర్ అనే ఆఫ్రికా రాజుని సృష్టించారు. ప్రధాన స్రవంతి అమెరికన్ కామిక్స్‌లో మొదటి నల్ల సూపర్ హీరో అతనే. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడే బ్లాక్ పాంథర్ పార్టీ పుట్టింది. ఒకదాన్ని చూసి ఇంకోటి పెట్టుకున్న పేరు కాదు. ఒకే గాలిలో రెండు విత్తనాలు మొలిచాయి, అంతే. అటు ఉత్తర ఐర్లండ్‌లో కేథలిక్కులు ఇళ్ల కోసం, ఓటు కోసం రోడ్డెక్కినప్పుడు అమెరికా నల్లవాళ్ల ఊరేగింపులనే ఆదర్శంగా పెట్టుకున్నారు. వాళ్ల యువ నాయకురాలు బెర్నడెట్ డెవ్లిన్‌కి 1969లో న్యూయార్క్ మేయర్ నగర తాళపుచెవి బహూకరిస్తే, ఆమె దాన్ని మరుసటి ఏడాది మిత్రుడు ఈమన్ మెకాన్ చేత హార్లెంలోని బ్లాక్ పాంథర్లకి ఇప్పించింది. డబ్లిన్ చిత్రకారుడి కుంచెలోకి చిరుత ఊరికే రాలేదు.

ఇంకో చిన్న సంగతి. థిన్ లిజీకి పేరు తెచ్చిన పాట 'విస్కీ ఇన్ ది జార్'. పాత ఐరిష్ జానపదం. 1972 చివర్లో రికార్డు వచ్చింది, ఐర్లండ్‌లో మొదటి స్థానానికి ఎక్కింది, బ్రిటన్‌లో ఆరో స్థానం దాకా వెళ్లింది. ఆ చిన్న రికార్డుని వెనక్కి తిప్పితే రెండో వైపు ఫిల్ సొంతంగా రాసిన పాట ఉంటుంది. దాని పేరు 'బ్లాక్ బాయ్స్ ఆన్ ది కార్నర్'. వీధి మలుపులో నిలబడ్డ నల్ల కుర్రాళ్లు. ముందు వైపు ఐర్లండ్, వెనక వైపు ఆ కుర్రాళ్లు. అందరూ ముందు వైపే విన్నారు. 1979లో ఫిల్ తన ఆల్బానికి 'బ్లాక్ రోజ్' అని పేరు పెట్టాడు. నల్ల గులాబి అంటే ఐర్లండ్ దేశానికే కవులు పెట్టుకున్న పాత ముద్దుపేరు. పెరిగిన ఊళ్లో రంగు కోసం వేలెత్తి చూపించుకున్నవాడు, ఆ దేశానికి ఉన్న 'నల్ల' పేరునే ఎత్తి పట్టుకున్నాడు. 1986 జనవరి 4న ముప్పయ్యారేళ్లకే పోయాడు.

ఫిల్ ఫిట్జ్‌పాట్రిక్ చేత మొదటి అట్ట వేయించుకున్న 1973లోనే, ఆగస్టు 11 రాత్రి, న్యూయార్క్ బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ ఇచ్చిన పార్టీని హిప్-హాప్ పుట్టినరోజుగా చెప్పుకుంటారు. ఆ పేటల పిల్లలకీ చవగ్గా దొరికే వినోదం కామిక్సే. ఇంట్లో ఒక పేరు, మైకు ముందు ఇంకో పేరు. సూపర్ హీరో చేసే పని కూడా అదే కదా. అందుకే వూ-టాంగ్ క్లాన్ అనే ర్యాప్ బృందంలోని గోస్ట్‌ఫేస్ కిల్లా, ఐరన్‌మాన్ అసలు పేరుని పోలేలా తనని తాను టోనీ స్టార్క్స్ అని పిలుచుకుని, 1996లో తన మొదటి సొంత ఆల్బానికి 'ఐరన్‌మాన్' అని పేరు పెట్టాడు. ఇంకో ర్యాపర్ ఎంఎఫ్ డూమ్ మార్వెల్ ప్రతినాయకుడు డాక్టర్ డూమ్‌ది లాంటి ఇనుప ముసుగే తొడుక్కున్నాడు. 1993లో డ్వేన్ మెక్‌డఫీ, డెనిస్ కోవన్, మైకేల్ డేవిస్, డెరెక్ డింగిల్ అనే నలుగురు నల్లవాళ్లు మైల్‌స్టోన్ అనే కామిక్స్ సంస్థ పెట్టి, తమ కథలు తామే చెప్పుకోవడం మొదలుపెట్టారు. అందులోని డెనిస్ కోవనే 1995లో ర్యాపర్ జిజా ఆల్బం 'లిక్విడ్ స్వోర్డ్స్' అట్ట గీశాడు. చదరంగం గళ్ల నేల మీద ముసుగు వీరుల కత్తియుద్ధం అది. ఆ అట్టని 'జైల్‌బ్రేక్' పక్కన పెట్టి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఇద్దరు చిత్రకారులు, రెండు ఖండాలు, ఇరవై ఏళ్ల ఎడం, అయినా ఒకే కోరిక. పాటకి ఒక లోకం కట్టాలి, ఆ లోకంలో మనవాడు వీరుడై ఉండాలి.

హిప్-హాప్ ఐర్లండ్‌కి తొందరగానే చేరింది గానీ, నోట్లో ఇమడటానికి చాలా కాలం పట్టింది. 1989 ఫిబ్రవరిలో గ్రామీ వేడుకలో ర్యాప్‌కి మొదటిసారి అవార్డు పెట్టి, దాన్ని మాత్రం టీవీలో చూపించలేదు. కొందరు ర్యాపర్లు వేడుకనే బహిష్కరించారు. ఆ రాత్రి డబ్లిన్ గాయని షినేడ్ ఓకానర్ తన నున్నటి తల మీద పబ్లిక్ ఎనిమీ అనే ర్యాప్ బృందం గుర్తు వేయించుకుని వేదికెక్కి పాడింది. ఇది నిజమైన సంఘీభావం. కానీ ఇంటి దగ్గర ర్యాప్ అంటే ఇంకా అరువు సొమ్మే. తొంభైల మొదట్లో స్కేరీ ఐరా అనే బృందం సొంత యాసలో, నిరుద్యోగ భృతి క్యూల మీద ర్యాప్ కట్టింది. పెద్ద కంపెనీ ఒప్పందం కూడా కుదిరింది. ఆల్బం మాత్రం ఏళ్ల తర్వాత గానీ వెలుగు చూడలేదు. ఐరిష్ యాసతో ర్యాప్ చేస్తే జనం నవ్వుతారన్న భయం చాలాకాలం పీడించింది.

ఆ భయం పోగొట్టింది కొత్తగా వచ్చిన పిల్లలు. తొంభైల చివర నుంచి నైజీరియా, జింబాబ్వే, కాంగో, జాంబియా కుటుంబాలు ఐర్లండ్ చేరాయి. దేశం అందరినీ చేతులు చాచి పిలిచిందని చెప్పలేను. 2004 జూన్‌లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో దాదాపు 79 శాతం ఓట్లతో, గడ్డ మీద పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదని రాజ్యాంగాన్ని మార్చారు. ఆ వాదనల మధ్యే ఈ పిల్లలు బడికెళ్లారు. నువ్వెక్కడివాడివి అన్న ప్రశ్న వినీ వినీ పెరిగారు. పరాయి దేశంలో పిల్లల్ని పెంచుతున్న మన తెలుగువాళ్లకి ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు.

లిమరిక్, క్లేర్ ప్రాంతంలో ముగ్గురు కలిశారు. జింబాబ్వే నుంచి వచ్చిన గాడ్ నోస్, టోగోకి చెందిన మర్లీ, క్లేర్ కుర్రాడు మైనేమ్ఈజ్‌జాన్. రుసంగానో ఫ్యామిలీ అని పేరు పెట్టుకున్నారు. షోనా భాషలో ఆ మాటకి అర్థం కలయిక. 2016లో వాళ్ల ఆల్బం 'లెట్ ద డెడ్ బరీ ద డెడ్' ఆ ఏడాది ఉత్తమ ఐరిష్ ఆల్బంగా చాయిస్ మ్యూజిక్ ప్రైజ్ గెలిచింది. వాళ్ల తోటలోంచే డెనీస్ చైలా వచ్చింది. జాంబియాలో పుట్టి లిమరిక్‌లో స్థిరపడిన అమ్మాయి. 2019లో ఆమె తెచ్చిన పాటల గుచ్ఛం పేరు 'డ్యూయల్ సిటిజెన్‌షిప్'. రెండు దేశాల పౌరసత్వం అనాల్సిన చోట అక్షరం మార్చి, కత్తులు దూసుకునే డ్యూయల్ చేసింది. ఇంగ్లిషులో అది శ్లేష. తెలుగులో మనకి ఒక్క మాటే చాలు, ద్వంద్వం. రెండు కలిసి ఉన్నా ద్వంద్వమే, రెండూ కొట్టుకున్నా ద్వంద్వమే. తన ఇంటిపేరు నోరు తిరగనివాళ్ల మీద ఆమె కట్టిన 'చైలా' పాట విన్నప్పుడు, కాగితం చూసి మన పేర్ల దగ్గర ఆగిపోయే గుమస్తాలంతా నా కళ్లముందు మెదిలారు. ఆమె 'గో బ్రేవ్లీ' 2020కి అదే చాయిస్ బహుమతి గెలుచుకుంది.

డ్రొహెడా ఊరి కుర్రాళ్లు తమ పిన్‌కోడ్ 'ఏ92' నే బృందం పేరుగా పెట్టుకున్నారు. వాళ్లలో ఆఫికా అనే యోరుబా మూలాల ర్యాపర్‌కి పేరు తెచ్చిన పాట 'నరూటో డ్రిల్లింగ్స్'. నరూటో జపాన్ మాంగా నాయకుడు. ఊరంతా వెలివేసినట్టు చూసే అనాథ, ఆ ఊరికే నాయకుడు కావాలని పట్టుబడతాడు. డ్రొహెడాలో పెరుగుతున్న నల్ల కుర్రాడికి ఆ కథ ఎందుకు పట్టిందో అడగాలా? ఇదే ఆఫికా, బళ్లలో ఐరిష్ పిల్లలంతా వల్లెవేసే గుడ్డి కవి రాఫ్టరీ పద్యాన్ని ఐరిష్ భాషలోనే డ్రిల్ అనే ర్యాప్ దరువు మీద చెప్పాడు. ఫిల్ లైనట్ చేసిన పనే ఇది. ఒక చేతిలో కామిక్, ఇంకో చేతిలో పాత ఐర్లండ్.

ఇవన్నీ ఎవరో ఒకరు శ్రద్ధగా రాస్తేనే నిలుస్తాయి. డబ్లిన్ విలేఖరి డీన్ వాన్ న్గుయెన్ ఆ పని ఏళ్లుగా చేస్తున్నాడు. పిచ్‌ఫోర్క్‌కీ గార్డియన్‌కీ రాస్తాడు. 2019లో ఆయన మొదటి పుస్తకం 'ఐరన్ ఏజ్' వచ్చింది. అది ఐరన్‌మాన్ పేరు పెట్టుకున్న ఆ గోస్ట్‌ఫేస్ కళ మీదే. 2025లో వచ్చిన 'వర్డ్స్ ఫర్ మై కామ్రేడ్స్' ర్యాపర్ టూపాక్ షకూర్ రాజకీయ చరిత్ర. టూపాక్ తల్లి అఫేనీ బ్లాక్ పాంథర్ పార్టీ కార్యకర్త. కడుపులో బిడ్డతో కోర్టులో తన కేసు తానే వాదించుకుని 1971 మేలో నిర్దోషిగా బయటికొచ్చింది, జూన్‌లో కొడుకుని కన్నది. 1974లో ఒక డబ్లిన్ చిత్రకారుడు రికార్డు అట్ట మీద దాచిపెట్టిన చిరుతని, యాభై ఏళ్ల తర్వాత ఇంకో డబ్లిన్ మనిషి పుస్తకంలో బహిరంగంగా నడిపించాడు. హిప్-హాప్ మీద రాయడం అంటే ఏ ఆల్బానికి ఎన్ని నక్షత్రాలు అని లెక్కపెట్టడం కాదనీ, ఆ పాట వెనకున్న తల్లుల్నీ, పేటల్నీ, ఓటమినీ వెతికి పట్టుకోవడమనీ నాకు ఇలాంటి రాతల వల్లే తెలిసింది.

ఐర్లండ్‌లో ఉన్న తెలుగువాళ్లు గ్రాఫ్టన్ స్ట్రీట్‌కి ఎలాగూ వెళ్తూనే ఉంటారు. ఈసారి వెళ్లినప్పుడు హ్యారీ స్ట్రీట్‌లోకి తిరిగి పిల్లలకి ఆ విగ్రహం చూపించండి. ఇంటికొచ్చాక 'విస్కీ ఇన్ ది జార్' వినండి, ఆ తర్వాత దాని వెనక వైపున్న పాట కూడా పెట్టండి. అది నాలుగు నిమిషాలు కూడా ఉండదు.