గిట్టుబాటు ఎవరికి?

కంప్యూటర్ల తయారీదారుల నోట తరచు వినవచ్చే మాట ఒకటి ఉన్నది: పోటీ తీవ్రం, లాభం బొటాబొటి, కూలి పెంచితే గిట్టుబాటు కాదు. ఈ బొటాబొటితనం ప్రకృతి ధర్మమా, లేక చరిత్రలో ఒకానొక దశలో ఏర్పడినదా? పరిశీలించి చూడాలి.

1981 ఆగస్టులో ఐ.బి.యం. తన పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసింది. త్వరగా మార్కెట్టుకు చేరాలన్న ఆత్రంతో బయటి సరఫరాదారులతో పొత్తు పెట్టుకొన్నది. 8088 ప్రాసెసర్ ఇంటెల్‌ది. యంత్రాన్ని నడిపే డాస్ ప్రోగ్రాము మైక్రోసాఫ్ట్‌ది. దానిని ఇతరులకు అమ్ముకొనే హక్కును మైక్రోసాఫ్ట్ తనవద్దనే ఉంచుకొన్నది. ఐ.బి.యం. సొంతమని చెప్పదగినది ముఖ్యంగా బయాస్ అనే చిన్న ప్రోగ్రాము. 1982లో పుట్టిన కాంపాక్ అటువంటిదే స్వతంత్రంగా రాయించుకొన్నది. ఆ తరువాత అదే చిప్పు, అదే డాస్ కొని బిగించగలవారందరూ తయారీదారులైనారు.

పోటీ నిజమే. కాని అది బిగించేవారి మధ్యనే. ఒకే సరఫరాదారుపై ఆధారపడరాదని ఐ.బి.యం. పట్టుబట్టినందున, ఇంటెల్ మొదట తన చిప్పు తయారీ హక్కును ఏ.యం.డి.కి కూడా ఇవ్వవలసివచ్చింది. 1985లో వచ్చిన 386 చిప్పు విషయంలో ఆ హక్కు నిరాకరించింది. మైక్రోసాఫ్ట్ మరొక మెట్టు ఎక్కింది. యంత్రంలో డాస్ ఉన్నా లేకున్నా, అమ్మిన ప్రతి యంత్రానికీ రుసుము రాబట్టే ఒప్పందాలు చేయించింది. 1994లో అమెరికా ప్రభుత్వంతో రాజీ కుదిరినదాకా అవి సాగినవి.

పంట పండినా ఎండినా కౌలు వసూలు చేసే భూస్వామికీ కౌలుదారుకూ గల సంబంధాన్ని పొత్తు అనగలమా? ఇదీ అటువంటిదే. 2002లో కాంపాక్ హ్యూలెట్ పాకార్డ్‌లో కలిసిపోయింది. ఐ.బి.యం. అంతటిది 2005లో తన పి.సి. వ్యాపారాన్ని చైనా కంపెనీ లెనోవోకు అమ్మి తప్పుకొన్నది.

ఏసర్ స్థాపకులలో ఒకరైన స్టాన్ షీ 1992లో ఈ స్థితిని ఒక గీతగా చూపాడు. రెండు కొసలూ పైకి లేచిన ఆ గీతకు చిరునవ్వు అని పేరు. ఒక కొసన కీలక భాగాలు, రూపకల్పన. మరొక కొసన పేరు, అమ్మకం. విలువంతా అక్కడ. నడుమనున్న పల్లంలో బిగింపు పని. శ్రామికులలో అత్యధికులు ఉన్నది ఆ పల్లంలోనే.

కౌలుదారు తన భారాన్ని కూలీపై దించుతాడు. చైనాలోని షెన్‌జెన్‌లో తైవాన్ కంపెనీ ఫాక్స్‌కాన్ ప్రసిద్ధ సంస్థల యంత్రాలను బిగించి ఇస్తుంది. 2010లో అక్కడి యువ కార్మికులు పదిమందికి పైగా వరుసగా ఆత్మహత్య చేసుకొన్నారు. లోకమంతా నివ్వెరపోయిన తరువాత కంపెనీ కూలి పెంచింది. పెంచినా కర్మాగారం మూతపడలేదు.

కనుక లాభం బొటాబొటి అనేది అబద్ధం కాదు, అర్ధసత్యం. కూలి పెంచమన్న కార్మికునికి ఒక్క కర్మాగారపు లెక్కలు చూపితే చాలదు. చిప్పు నుంచి దుకాణం దాకా మొత్తం గొలుసు లెక్క చూపాలి. ఆ లెక్క అడిగే హక్కు కోసం జరిగే పోరాటమే రేపటి కూలి పోరాటం.