పచ్చిక కోత గడ్డి

పచ్చిక కోత గడ్డి అనగా ఇళ్ళ ముందరి లాన్లు, ఉద్యానవనాలు, ఆట మైదానాలలో పచ్చికను యంత్రముతో కత్తిరించినపుడు రాలే ఆకుల తునకలు. దీనిని చెత్తగా పారవేయుట పరిపాటి. అయితే నేల నుండి గడ్డి తీసుకొన్న పోషకాలు ఇందులోనే ఉంటాయి కనుక, ఇది తిరిగి నేలకే చేరుట మేలు.

చరిత్ర

పూర్వము పచ్చికను కొడవళ్ళతో కోసేవారు, లేదా పశువులను మేపేవారు. 1830లో ఇంగ్లాండుకు చెందిన ఎడ్విన్ బడ్డింగ్ గడ్డి కోసే యంత్రానికి పేటెంటు పొందాడు. అందులో కోసిన గడ్డి ముందున్న తొట్టెలో పడేది.

పోషక విలువ

పచ్చి గడ్డిలో సుమారు 80 శాతం నీరే. మిగిలిన పొడి పదార్థములో 3 నుండి 4 శాతం వరకు నత్రజని, దానితో పాటు పొటాషియం, భాస్వరం ఉంటాయి.

నేలపైనే వదలుట

ఒక కోతలో గడ్డి ఎత్తులో మూడవ వంతుకు మించి కత్తిరించకపోతే, తునకలు పచ్చికలోకి జారి త్వరగా కుళ్ళిపోతాయి. పచ్చికకు కావలసిన నత్రజనిలో దాదాపు నాలుగవ వంతు ఈ విధముగా సమకూరగలదు. తునకల వలన మొదళ్ళ వద్ద పీచు పొర పేరుకొంటుందనుట అపోహ. ఆ పొర ముఖ్యముగా వేర్లు, పాకే కాండాల వలన ఏర్పడుతుంది. గడ్డి తడిసి ముద్దలు కట్టినపుడు మాత్రం వాటిని విడదీయాలి, లేదా ఎత్తివేయాలి. లేనిచో వెలుతురు అందక క్రింది పచ్చిక పసుపుబారుతుంది.

కంపోస్టు

పచ్చి గడ్డిని మాత్రమే కుప్ప వేసిన గాలి ఆడక దుర్వాసన వస్తుంది. ఎండుటాకులు, వరిగడ్డి వంటివి కలిపి, అప్పుడప్పుడు తిరగవేయవలెను. ఆరబెట్టిన గడ్డిని మొక్కల మొదళ్ళ చుట్టూ పలుచగా పరచిన తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది.

జాగ్రత్తలు

కలుపు మందు చల్లిన పచ్చిక కోతను కూరగాయల మడులకు వాడరాదు, పశువులకు వేయరాదు. క్లోపిరాలిడ్ అను మందు కంపోస్టు తయారీలో కూడా త్వరగా నశించదు. 2000 ప్రాంతములో అమెరికాలోని స్పోకేన్ నగరములో దీని అవశేషాలున్న కంపోస్టు వలన టమాటా మొక్కలు దెబ్బతిన్నాయి. 2002లో ఆ దేశములో ఇళ్ళ పచ్చికలపై దాని వాడుకను తొలగించారు. కుప్పగా పడి పులిసిన గడ్డి తిన్న గుర్రాలకు ప్రాణాంతకమైన కడుపునొప్పి రావచ్చును.

చట్టములు

చెత్త దిబ్బలలో పూడ్చిన గడ్డి గాలి అందక కుళ్ళి మీథేన్ వాయువును వెలువరిస్తుంది. అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రము 1990లో తోట వ్యర్థాలను ఇట్లు పూడ్చుటను నిషేధించినది. భారతదేశములో 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు తోట వ్యర్థాలను ఆవరణలోనే వేరుగా ఉంచాలని, వీధులలో, కాలువలలో పారవేయరాదని నిర్దేశించినవి.