థామస్ కోల్ చిత్రాల్లో అడవి

అమెరికాలో ప్రకృతి దృశ్య చిత్రకళకు ఆద్యుడెవరంటే అక్కడివాళ్లు సాధారణంగా చెప్పే పేరు థామస్ కోల్. ఆయన పుట్టింది మాత్రం అమెరికాలో కాదు. ఇంగ్లండులోని లాంకషైర్‌లో, నూలు మిల్లుల పొగ కమ్మిన బోల్టన్ పట్టణంలో 1801లో పుట్టాడు. చీటీగుడ్డల అద్దకానికి అచ్చులు చెక్కే పని చిన్నతనంలోనే చేశాడు. 1818లో కుటుంబంతో పాటు ఓడెక్కి అమెరికా చేరేనాటికి పదిహేడేళ్లవాడు. పొగగొట్టాల నీడలో పెరిగినవాడికి అక్కడి అడవి ఎలా కనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ దేశంలో పుట్టిన రైతుకు చెట్టు అంటే దున్నడానికి అడ్డం. కోల్‌కు అది చూడవలసిన వస్తువు.

1825లో హడ్సన్ నది వెంట ఎగువకు వెళ్లి, కాట్‌స్కిల్ కొండల్లో తిరిగి వచ్చి, మూడు చిత్రాలను న్యూయార్కులో ఒక పుస్తకాల దుకాణంలో అమ్మకానికి పెట్టాడు. పేరున్న చిత్రకారుడు జాన్ ట్రంబుల్ ఒకటి కొని, మిత్రులు డన్‌లప్, డురాండ్‌లకు చెప్పి మిగతా రెండూ కొనిపించాడు. అంతటితో కోల్ పేరు ఊరంతా పాకింది. అదే శరదృతువులో ఈరీ కాలువ తెరిచారు. హడ్సన్ నదిని పెద్ద సరస్సులతో కలిపిన ఆ కాలువ మీదుగా లోపలి ప్రాంతాల ధాన్యం, కలప న్యూయార్కు రేవుకు దిగసాగాయి. అడవిని చూడాలన్న మోజు, అడవిని అమ్ముకునే తోవ దాదాపు ఒకేసారి వచ్చాయన్నమాట.

ఈ సంగతి తెలియకపోతే కోల్ చిత్రాలు వట్టి అందమైన బొమ్మలుగానే కనిపిస్తాయి. 1826లో వేసిన ‘ఫాల్స్ ఆఫ్ ది కాటర్స్‌కిల్’నే చూడండి. రెండు అంచెలుగా దూకే జలపాతం, ఎర్రబారిన ఆకులు, రాతి అంచున ఒంటరిగా నిలబడ్డ ఒక ఆదివాసి. మానవ సంచారం లేని చోటనిపిస్తుంది. నిజానికి ఆ కొండ మీద యాత్రికుల కోసం 1824లోనే హోటలు వెలిసింది. జలపాతం దగ్గర చూడవచ్చేవాళ్లకని వేదిక, కమ్మీలు కట్టారు. కోల్ వాటిని తీసేశాడు. ఆ నేల అసలు హక్కుదారులైన మొహికన్లను మాత్రం అప్పటికే తూర్పు నుంచి చాలావరకు నెట్టేశారు. కూపర్ నవల ‘ది లాస్ట్ ఆఫ్ ది మొహికన్స్’ అచ్చయింది కూడా 1826లోనే. ఉన్నవాళ్లను చెరిపి, లేకుండా చేసినవాళ్లను అలంకారంగా నిలబెట్టడం కోల్ కళలో నాకు మింగుడు పడని భాగం. మొహికన్ల సంతతివారు నేటికీ ఉన్నారు, కాకపోతే ఆ కొండలకు చాలా దూరంగా విస్కాన్సిన్‌లో.

ఇక గొడ్డలి సంగతి. కాట్‌స్కిల్ కొండల నిండా హెమ్లాక్ చెట్లుండేవి. తోళ్లు పదును చేయడంలో మన వైపు తంగేడు చెక్కకున్న స్థానమే అక్కడ హెమ్లాక్ బెరడుది. దక్షిణ అమెరికా నుంచి పచ్చి తోళ్లు ఓడల్లో వచ్చి, నది మీదుగా ఈ కొండల్లోని కర్మాగారాలకు చేరేవి. చెట్టును కూల్చి, బెరడు ఒలుచుకుని, మానును చాలాచోట్ల అక్కడే కుళ్లిపోనిచ్చేవారు. దీనికి తోడు రైలు వచ్చింది. 1836లో కాట్‌స్కిల్ ఊరి పక్క లోయలో రైలుదారి కోసం చెట్లు కొట్టేస్తుంటే, కోల్ తన పోషకుడు లూమన్ రీడ్‌కు ఉత్తరంలో కోపమంతా వెళ్లగక్కాడు. అమెరికా ప్రకృతి మీద తాను రాసిన వ్యాసాన్ని ఆ ఏడాదే అచ్చువేశాడు. అందులోనూ గొడ్డలి మీద ఫిర్యాదుంది. ఆ రీడ్ కోసమే వేసిన ‘ది కోర్స్ ఆఫ్ ఎంపైర్’ అయిదు చిత్రాల్లో ఒక రాజ్యం అడవిలో మొదలై, వైభవానికెక్కి, శిథిలమైపోతుంది. 1836లో, వరుస పూర్తికాకముందే, రీడ్ చనిపోయాడు.

వీటన్నిటికంటే నాకు విలువైనవిగా తోచేవి పెద్దగా పేరులేని ఒక జంట. 1836-37లో వేసిన ‘వ్యూ ఆన్ ది కాట్‌స్కిల్ - ఎర్లీ ఆటమ్’లో వాగు, ఒడ్డున బిడ్డతో తల్లి, ఇరువైపులా గుబురు చెట్లు, వెనక నీలి కొండలు. రైలు పని మొదలైన తర్వాత వేసినా, అందులో దాని జాడ లేదు. 1843లో దాదాపు అదే చోటు నుంచి ‘రివర్ ఇన్ ది కాట్‌స్కిల్స్’ వేశాడు. పక్కనుండే చెట్లు లేవు. ముందుభాగంలో నరికిన మొదళ్లు, గొడ్డలి పట్టిన మనిషి. దూరాన వంతెన మీద వేలెడంత రైలు, దాని పొగ. కొండలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. కాటర్స్‌కిల్ దగ్గర కమ్మీలను దాచిన చెయ్యే ఇక్కడ మొదళ్లను దాచలేదు. ఇది నిరసన అని కొందరు, మార్పుతో రాజీ అని కొందరు విమర్శకులు వాదించుకుంటారు. నాకైతే రెండు కాన్వాసులూ పక్కపక్కన పెడితే, ఉత్తరంలో చూపిన కోపం కన్నా ఎక్కువే వినిపిస్తుంది. వాటిని అలా చూడడం తేలిక కాదు. మొదటిది న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో, రెండోది బోస్టన్‌లో ఉన్నాయి.

కోల్ 1848లో, నలభై ఏడేళ్లకే, కాట్‌స్కిల్‌లో కన్నుమూశాడు. అక్కడి ప్రభుత్వ అటవీ భూములను కాపాడే చట్టాన్ని న్యూయార్కు రాష్ట్రం 1885లో చేసింది. అప్పటికి పెద్ద హెమ్లాకులు చాలావరకు పోయాయి. నేడు ఆ కొండల్లో పచ్చగా కనిపించే అడవిలో అధిక భాగం తర్వాత మళ్లీ మొలిచిందే. ఆయన ఇల్లు 2001 నుంచి మ్యూజియంగా ఉంది. వరండాలో నిలబడితే ఆ రెండు చిత్రాల్లోని కొండలే ఎదురుగా కనిపిస్తాయి.