విద్యుత్, సహజవాయు వివాదాలు: ఏ వేదిక? ఎంత గడువు?

విద్యుత్, సహజవాయు రంగాల వ్యాజ్యాలలో న్యాయవాది మొదట పరిశీలించేవి రెండు అంశాలు. వివాదాన్ని విచారించే అధికారం ఎవరిది? గడువు ఎన్నాళ్లు? ఈ రెంటిలో ఏది తప్పినా బలమైన వాదన కూడా వీగిపోయే ప్రమాదముంది. పాత్రికేయుల, అధికారుల ఉపయోగార్థం ముఖ్యాంశాలను ఇక్కడ పొందుపరచడమైనది.

రాజ్యాంగ నేపథ్యం

విద్యుత్తు రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితాలో 38వ అంశం. సహజవాయువు మాత్రం కేంద్ర జాబితాలోని 53వ అంశం పరిధిలోకి వస్తుందని 2004లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసి, గుజరాత్ 2001లో చేసిన గ్యాస్ చట్టం చెల్లదని ప్రకటించింది. అందువల్లనే విద్యుత్తుకు రాష్ట్ర స్థాయిలో నియంత్రణ మండళ్లుండగా, గ్యాస్ పైపులైన్లకు దేశమంతటికీ ఒకే మండలి ఉన్నది.

రాష్ట్రంలో సంస్కరణలు

ఆంధ్రప్రదేశ్ విద్యుత్ సంస్కరణల చట్టం, 1998 ననుసరించి 1999 ఫిబ్రవరి 1న విద్యుత్ బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడివడింది. అదే సంవత్సరం నియంత్రణ మండలి, 2000లో నాలుగు పంపిణీ సంస్థలు ఏర్పడ్డాయి. కేంద్ర విద్యుత్ చట్టం 2003 జూన్ 10 నుండి అమలులోకి వచ్చింది. 2014లో రాష్ట్ర విభజన అనంతరం తెలంగాణకు ప్రత్యేక మండలి ఏర్పాటైంది.

వినియోగదారుల హక్కులు

దరఖాస్తు అందిన నెల రోజులలోగా కనెక్షన్ ఇవ్వడం పంపిణీ సంస్థ విధి అని 43వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. కొత్త లైన్లు, సబ్‌స్టేషన్లు అవసరమైన చోట్ల గడువు వేరుగా ఉంటుంది. బకాయిల నిమిత్తం సరఫరా నిలిపివేయాలంటే 56వ సెక్షన్ ప్రకారం పూర్తి 15 రోజుల వ్రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. బిల్లుపై వివాదమున్న వినియోగదారుడు అభ్యంతరం తెలుపుతూ ఆ మొత్తాన్ని చెల్లిస్తే సరఫరా నిలిపివేయరాదు. ఫిర్యాదులను తొలుత పంపిణీ సంస్థ ఏర్పాటుచేసిన పరిష్కార వేదిక, పిదప విద్యుత్ అంబుడ్స్‌మన్ విచారిస్తారు.

అనధికార వినియోగంపై 126వ సెక్షన్ క్రింద విధించే మదింపు మార్గం వేరు. తుది ఉత్తర్వుపై 30 రోజులలోగా, మదింపు మొత్తంలో సగం చెల్లించి, 127వ సెక్షన్ క్రింద అప్పీలు చేసుకోవాలి. ఇట్టి మదింపులపై వినియోగదారుల ఫోరంలకు విచారణాధికారం లేదని 2013లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఈ తేడా తెలియక ఫోరంను ఆశ్రయించినవారికి అసలు అప్పీలు గడువు చేజారే అవకాశం ఉన్నది. విద్యుత్ చౌర్యం 135వ సెక్షన్ క్రింద నేరం. దానిని ప్రత్యేక న్యాయస్థానం విచారిస్తుంది.

ధరలు, కొనుగోలు ఒప్పందాలు

ధరల ప్రతిపాదన అందిన 120 రోజులలోగా, ప్రజల సూచనలు, అభ్యంతరాలు పరిశీలించి మండలి ఉత్తర్వు వెలువరించాలి. ప్రభుత్వం సబ్సిడీ ప్రకటిస్తే ఆ మొత్తాన్ని ముందుగా చెల్లించాలని 65వ సెక్షన్ చెబుతున్నది. ఉత్పత్తిదారులకు, పంపిణీ సంస్థలకు మధ్య తలెత్తే వివాదాలనూ మండలియే పరిష్కరిస్తుంది. మండలి ఉత్తర్వుపై 45 రోజులలోగా విద్యుత్ అప్పిలేట్ ట్రైబ్యునల్‌కు, అటుపై ముఖ్యమైన న్యాయ ప్రశ్న ఉన్నప్పుడు 60 రోజులలోగా సుప్రీంకోర్టుకు అప్పీలు చేయవచ్చు.

ఒప్పంద ధరల ప్రాధాన్యానికి ఆంధ్రప్రదేశ్ వ్యాజ్యమే ఉదాహరణ. పవన, సౌర విద్యుత్ ఒప్పందాల ధరల సమీక్షకు 2019 జులైలో ప్రభుత్వం సంప్రదింపుల కమిటీని నియమించగా, ఉత్పత్తిదారులు హైకోర్టును ఆశ్రయించారు. సెప్టెంబరులో ఏకసభ్య ధర్మాసనం ఆ ఉత్తర్వును రద్దుచేసి, ధరల అంశాన్ని మండలికి నివేదించింది. 2022 మార్చిలో డివిజన్ బెంచ్ ఒప్పంద ధరల ప్రకారమే చెల్లించాలని ఆదేశించింది.

సహజవాయువు

పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి చట్టం, 2006 ప్రకారం పైపులైన్లకు, నగర గ్యాస్ పంపిణీకి అనుమతులిచ్చే అధికారం ఆ మండలిది. బావుల నుండి జరిగే ఉత్పత్తి దాని పరిధిలోకి రాదు. మండలి ఉత్తర్వులపై అప్పీళ్లనూ విద్యుత్ అప్పిలేట్ ట్రైబ్యునలే స్వీకరిస్తుంది. అయితే గడువు 30 రోజులు మాత్రమే.

కృష్ణా-గోదావరి బేసిన్‌లోని డీ-6 క్షేత్రంలో 2009 ఏప్రిల్‌లో గ్యాస్ ఉత్పత్తి ఆరంభమైంది. ఆ గ్యాస్ ప్రజల ఆస్తి అని, ప్రైవేటు ఒప్పందాలు ప్రభుత్వ విధానానికి లోబడి ఉండాలని 2010 మే 7న సుప్రీంకోర్టు తీర్పు వెలువరించింది.

వార్తలలో 'అనధికార వినియోగం', 'చౌర్యం' అనే పదాలను ఒకే అర్థంలో వాడరాదు. మొదటిది మదింపు వ్యవహారం, రెండవది నేరారోపణ. అధికారులు తమ ఉత్తర్వులలో అప్పీలు వేదికను, గడువును, ఉత్తర్వు అందజేసిన తేదీని స్పష్టంగా పేర్కొన్నట్లయితే సామాన్య వినియోగదారుడు గడువు దాటి నష్టపోకుండా కాపాడినవారవుతారు.