మొండితనం వెనుక ఏముంది?

1960ల మొదట్లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నడిపే నర్సరీ బడిలో మూడేళ్లు దాటిన ఒక పాప ఉండేది. నడక వచ్చినా నడిచేది కాదు. బడిలో ఎక్కువసేపు పాకుతూనే గడిపేది. పాకుతుంటే జాలిపడి టీచర్లు పక్కన కూర్చుని బుజ్జగించేవారు. పరిశోధకులు ఫ్లోరెన్స్ హారిస్, మాంట్రోజ్ వుల్ఫ్ తదితరులు ఆ వరస మార్పించారు. లేచి నిలబడితే పలకరించాలి, పాకితే పట్టించుకోకూడదు. కొద్ది రోజుల్లోనే పాప నడిచింది. కారణం ఇదేనా అని తేల్చుకోవడానికి పాత పద్ధతికి వెళ్లి చూశారు. మళ్లీ పాకింది. ఇంకోసారి మార్చారు, నడిచింది. టీచరు చూపుకు ఎంత బలముందో 1964లో అచ్చయిన ఈ పరిశీలన చెప్పింది.

ప్రత్యేక బడుల్లో ఇవాళ ‘ఏబీఏ’ అని పిలిచే అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్ (ప్రవర్తనా విశ్లేషణ) ఇలాంటి గదుల్లోనే రూపుకట్టింది. దాని వేళ్లు మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ఎలుకల ప్రయోగాల్లో ఉన్నాయి. చేసిన పని వల్ల ఏం దక్కిందన్నదాన్ని బట్టే ఆ పని మళ్లీ చేయడం, మానడం ఉంటుందని ఆయన 1938లో పుస్తకం రాశాడు. 1949లో పాల్ ఫుల్లర్, ఏమీ నేర్చుకోలేడని అందరూ వదిలేసిన పద్దెనిమిదేళ్ల యువకుడికి చక్కెర పాల చుక్కలతో కుడిచేయి ఎత్తడం నేర్పాడు. చేయి ఎత్తడం చిన్న పనే. కానీ ‘వీడికి రాదు’ అన్న మాట అక్కడ వీగిపోయింది. 1968లో ఈ విద్యకు సొంత పత్రిక వచ్చింది. తొలి సంచికలోనే టీచరు శ్రద్ధ పిల్లల చదువును ఎలా మారుస్తుందో చూపిన వ్యాసం ఉంది.

దాచకూడని చీకటి కూడా ఈ చరిత్రలో ఉంది. లాస్ ఏంజెలెస్‌లో ఐవార్ లోవాస్ ఆటిజం ఉన్న పిల్లలకు 1960ల్లో కరెంటు షాకులు కూడా ఇచ్చాడు. 1987లో ఆయన ప్రకటించిన ఫలితాలు ఏబీఏకు పేరు తెచ్చాయి. ఆ ఫలితాలు ఇచ్చిన శిక్షణలోనూ పిల్లల్ని కొట్టడం ఉంది. పిల్లల్ని మామూలుగా కనిపించేలా చేయడమే గురిగా పెట్టుకున్నారని ఆటిజం ఉన్న పెద్దలు నేటికీ నిలదీస్తున్నారు. వాళ్ల మాట న్యాయమైనది.

మలుపు 1982లో వచ్చింది. బ్రయన్ ఇవాటా బృందం తమను తాము గాయపరచుకునే పిల్లల్ని వేర్వేరు సందర్భాల్లో గమనించింది. ఒకరు పెద్దల పలకరింపు కోసం చేస్తున్నారు, ఇంకొకరు చెప్పిన పని తప్పించుకోవడానికి. 1985లో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యురాండ్ మరో అడుగు వేసి, ఆ అవసరాన్ని మాటతో అడగడం నేర్పితే అల్లరి తగ్గుతుందని చూపారు. నా దృష్టిలో ఏబీఏ టీచర్లకు ఇచ్చిన అసలు కానుక ఇదే.

మన సికింద్రాబాద్‌లోని మానసిక వికలాంగుల జాతీయ సంస్థలో రీటా పెష్వారియా, ఎస్. వెంకటేశన్ 1992లో టీచర్ల కోసమే ప్రవర్తనా పద్ధతుల మాన్యువల్ రాశారు.

పిల్లవాడు తల బాదుకున్నా, పుస్తకం విసిరినా, అరవకండి మాస్టారూ. దానికి ముందు ఏం జరిగిందో, తర్వాత వాడికి ఏం దక్కిందో ఒక వారం పాటు రాసిపెట్టుకోండి.