ఇంటి వ్యవహారము లోక వ్యవహారమైన విధము

1945వ సంవత్సరమున శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితి ఛార్టరు సిద్ధమగుచున్నప్పుడు దాని పీఠికకు చిత్తు వ్రాసి తెచ్చినవారు దక్షిణాఫ్రికా ప్రధానమంత్రి జనరల్ స్మట్సు. మానవుని మౌలికములైన హక్కులను లోకము మరల తలకెత్తుకొనవలెనన్న భావము ఆ చిత్తులోనిదే. పట్టుమని రెండేండ్లు గడువకమునుపే, 1946వ సంవత్సరము చివర, న్యూయార్కులో కూడిన ఆ సమితి సర్వసభ్యసభలోనే వారు ప్రతివాదిగా నిలువవలసి వచ్చినది. వాది భారతదేశము. వాదించినవారు శ్రీమతి విజయలక్ష్మీ పండిట్. దక్షిణాఫ్రికాలోని భారతీయులను అచ్చటి ప్రభుత్వము ఒంటి రంగును బట్టి హీనముగా చూచుచున్నదన్నది అభియోగము. ఆ పాత వ్యాజ్యెమును మేము నేడు మరల విప్పుటకు కారణము కలదు. రాజ్యములు ఒకదానితో నొకటి మెలగు తీరును గూర్చి గడచిన మూడు నాలుగు దశాబ్దములలో పండితులయందు ప్రబలిన యొక సిద్ధాంతమునకు ఇంతకన్న చక్కని ఉదాహరణము మాకు కనబడలేదు.

మొదట పూర్వకథ. 1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన మద్రాసునుండి పోయిన 'ట్రూరో' అను ఓడ 342 మందితో నేటాలు రేవున లంగరు దించినది. చెరకుతోటలలో ఐదేండ్లు పనిచేయుటకు ఒడంబడిక వ్రాసియిచ్చిన కూలీలు వారు. తొలియేట జీతము నెలకు పది షిల్లింగులు. 1911 వరకు ఇట్లు వెళ్లినవారు 1,52,000కు పైబడిరి. వారిలో దాదాపు మూడింట రెండువంతులవారు మద్రాసు రేవున ఓడ యెక్కినవారే. తమిళులతోపాటు విశాఖపట్నము, గంజాము, ఉత్తరార్కాటు జిల్లాల తెలుగువారును అందు కలరు. నేటికిని డర్బను పరిసరములలో నాయుడు, రెడ్డి అను పేళ్లు వినవచ్చును. గడువు తీరిన కూలీ స్వతంత్రుడై కూరగాయలు పండించుకొనినను, చిన్న అంగడి పెట్టుకొనినను తెల్లవారికి కంటగింపుగా నుండెను. ఒడంబడిక తీరియు తిరిగి రానివారిమీద ఏటేట మూడు పౌనుల పన్ను వేయుటకు 1895లో చట్టము చేసిరి. గాంధీజీ నడపిన సత్యాగ్రహమువలన 1914లో అది తొలగినది. 1927లో ఉభయ ప్రభుత్వములకు కేప్‌టౌనులో ఒక ఒప్పందము కుదిరినది. ఇవన్నియు శ్రోతలకు తెలిసినవే.

1946లో స్మట్సు ప్రభుత్వము ఒక కొత్త చట్టము తెచ్చినది. నేటాలులో భారతీయుడు ఎచ్చట భూమి కొనవచ్చునో, ఎచ్చట కాపురముండవచ్చునో అది గీత గీచి చెప్పినది. 'ఘెట్టో చట్టము' అని భారతీయులు దానికి పేరు పెట్టిరి. ఆ జూను 13న డర్బనులో గేల్ వీధియు ఉంబిలో బాటయు కలియు మూలనున్న పురపాలక సంఘపు ఖాళీస్థలమున గుడారములు వేసికొని సత్యాగ్రహులు కూర్చుండిరి. తెల్ల యువకులు గుంపులుగా వచ్చి మీదపడి కొట్టిరి. పోలీసులు వచ్చి దెబ్బలు తిన్నవారినే పట్టుకొనిపోయిరి. రమారమి 2,000 మంది చెరసాలకు పోయిరి.

భారతదేశము తన హైకమిషనరును వెనుకకు పిలిచినది, వర్తకమును తెంపివేసినది, ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు పంపినది. అప్పటికి మనము స్వతంత్రులము కామన్న సంగతి మరువరాదు. జూనులో ఫిర్యాదు పంపినది వైస్రాయి ప్రభుత్వమే. సెప్టెంబరు 2న నెహ్రూ నాయకత్వమున తాత్కాలిక ప్రభుత్వము ఏర్పడిన పిమ్మట గాని ఆ కాగితమునకు కంఠము రాలేదు. ఒకే చక్రవర్తి నీడనున్న రెండు దేశములు, అందులో ఒకటి ఇంకను పరాధీనమైనది, లోకసభ యెదుట వాదులాడుట అపూర్వమైన దృశ్యము.

స్మట్సు పట్టుకొనిన ఆధారము ఛార్టరులోని రెండవ అధికరణము, ఏడవ ఖండిక. ఏ రాజ్యముయొక్కయు స్వకీయ వ్యవహారములందు సమితి జోక్యము చేసికొనరాదని దాని తాత్పర్యము. ఈ భారతీయులు మా ప్రజలు; వారికి మేము చేయు చట్టములు మా ఇంటి వ్యవహారములు; సందేహమున్నచో అంతర్జాతీయ న్యాయస్థానము తేల్చవలెను గాని ఈ సభ కాదు, అని వారు వాదించిరి. దీనిని తేలిక వాదమని త్రోసివేయరాదు. ఆనాడు ఆ మాటను మనసార నమ్మిన రాజ్యములు పెక్కు కలవు. బ్రిటను, అమెరికా రెండును ఆ వైపుననే ఓటు వేసినవి. అమెరికా దక్షిణ రాష్ట్రములలో నల్లవారికి వేరు బడులు, వేరు రైలుపెట్టెలు చట్టప్రకారము నడచుచుండిన కాలమది.

డిసెంబరు 8న ఓట్లు లెక్కించిరి. తీర్మానమునకు అనుకూలముగా 32, ప్రతికూలముగా 15, తటస్థముగా 7. మూడింట రెండువంతుల ఆధిక్యము కావలెనని సభ ముందే నిశ్చయించినది. ఒక్క దేశము ఇటునుండి అటు మొగ్గినచో 31కి 16 అయి తీర్మానము వీగిపోయెడిది. నెగ్గిన తీర్మానములో శిక్ష యేమియు లేదు. ఉభయుల ఒప్పందములకును ఛార్టరునకును తగినట్లు భారతీయులను చూడవలెననియు, ఉభయులును వచ్చు సమావేశమునకు నివేదిక ఇయ్యవలెననియు మాత్రమే అందున్నది. దక్షిణాఫ్రికా దానిని లెక్కచేయలేదు. ఐనను, 'ఇది మా ఇంటిమాట' అను గోడకు తొలి బీట ఆనాడు పడినదని మా అభిప్రాయము.

ఇక సిద్ధాంతము. రాజ్యములకు పైన రాజు లేడు. కనుక ప్రతి రాజ్యమును తన బలమును తానే చూచుకొనవలెను. సేనలు, ధనము, భూమి వీనిని లెక్కకట్టినచో ఏ రాజ్యము ఏమి చేయునో చెప్పవచ్చును, అని వాస్తవికవాదులు అందురు. 1979లో కెనెత్ వాల్ట్‌జ్ అను అమెరికను ఆచార్యుడు ఈ వాదమును గణితశాస్త్రమువలె బిగించి వ్రాసెను. మన కౌటిల్యుని మండలమునకు ఇది దగ్గరి చుట్టమే. దీనికి ఎదురుగా 1989లో నికొలాస్ ఓనఫ్ 'నిర్మాణవాదము' అను పేరును తెచ్చెను. 1992లో అలెగ్జాండర్ వెంట్ వ్రాసిన వ్యాసముతో అది విశ్వవిద్యాలయములలో ప్రచారమునకు వచ్చినది. వీరు బలమును కాదనరు. ఆ బలమునకు అర్థము చెప్పునది మనుష్యుల తలంపులే అందురు. బ్రిటనువద్ద ఐదువందల అణుబాంబులున్నను అమెరికా నిశ్చింతగా నిద్రించును, ఉత్తర కొరియావద్ద ఐదున్నను ఉలికిపడును. బాంబు బాంబే గదా, మరి భేదమెచ్చటిది అని వెంట్ అడిగెను. మిత్రుడు, శత్రువు అనునవి లోహముతో చేసిన వస్తువులు కావు. కలిసిమెలిసి, తగవులాడి, మాటలాడి రాజ్యములు తమలో తాము కట్టుకొనిన భావములు.

మన పల్లెలలో ఊరి నడుమ బొడ్డురాయి నిలుపుదురు. అది రాయియే. ఊరందరును దానిని ఒప్పుకొనుటవలన గదా అది ఊరికి నడుమ యగుచున్నది! రాజ్యమున కున్న సార్వభౌమత్వమును అట్టిదేనని ఈ పండితుల మతము. ఇంటి వ్యవహారమేదో, లోక వ్యవహారమేదో భూమిమీద ప్రకృతి గీచిన గీత కాదు. దానిని ఒప్పుకొనినవారే మరల జరుపగలరు. ఆడీ క్లోట్జ్ అను విదుషి 1995లో ఒక గ్రంథము వ్రాసి, దక్షిణాఫ్రికామీద ఆంక్షల చరిత్రను ఈ దృష్టితోనే పరిశీలించెను.

1946లో మన లాభనష్టములు చూడుడు. ఆ యేట మన ఎగుమతులలో నూటికి సుమారు ఐదువంతులు దక్షిణాఫ్రికాకు పోవుచుండెను. అచ్చటినుండి మనకు వచ్చునది అంతకన్న చాల తక్కువ. అచ్చటి రైతునకు మన గోనెసంచులు కావలెను; మన జనపనార మిల్లులకు అచ్చటి బేరము కావలెను. తక్కెడలో తూచినచో వర్తకము తెంపుట మనకే నష్టము. సముద్రముపై పంపుటకు మనకు సొంత నౌకాబలమును లేదు. ఐనను తెంపిరి. దానికి కారణము గోనెలలోను తుపాకులలోను దొరకదు. ఎట్టి రాజ్యముగా పుట్టవలెనో భారతదేశము ఆ వాదమునందే తేల్చుకొనుచుండెను. ప్రయోజనము ముందుండి నడత దానివెంట వచ్చుట కాదు. నడత వలన ప్రయోజనమే రూపు దిద్దుకొనినది.

1948లో మలాన్ పక్షము గెలిచి వర్ణవివక్షను 'అపార్థీడ్' అను పేర రాజ్యధర్మము గావించినది. అంతకుముందే ఒక ముఖ్య సంఘటన జరిగినది. 1947 మార్చి 9న ఆఫ్రికను నాయకుడు జూమా, భారతీయ నాయకులు డాదూ, నాయకర్ కలిసి పనిచేయుదమని ఒప్పందము వ్రాసికొనిరి. ముగ్గురును వైద్యులగుటచే దానికి వైద్యుల ఒప్పందమని పేరు వచ్చినది. భారతీయుల మొర ఎల్ల నల్లవారి మొరయగుటకు అదియే తొలిమెట్టు. 1952లో ఆసియా, ఆఫ్రికా దేశములు 13 కలిసి అపార్థీడ్ నే సమితి ముందు పెట్టినవి. 1960 మార్చి 21న షార్ప్‌విల్లో అనుమతి చీటీల చట్టమునకు ఎదురు తిరిగిన జనముపై పోలీసులు కాల్పులు జరుపగా 69 మంది చనిపోయిరి. పదునొకండు దినములకు భద్రతామండలి తీర్మానము చేసినది. అమెరికా దానికి అనుకూలముగా ఓటు వేసినది. బ్రిటను, ఫ్రాన్సు తటస్థముగా నుండెను. పదునాలుగేండ్లక్రితము వ్యతిరేకించిన అమెరికా, బ్రిటనులే ఇవి. ఈ నడుమ ఆఫ్రికాలో కొత్త రాజ్యములు పుట్టినవి. వాని యెదుట అపార్థీడ్ ను వెనుకవేసికొని మాటలాడుట సిగ్గుపాటైనది. ఆ సిగ్గు ఏ సైన్యమునకును తీసిపోదు.

ఆటలలోను ఈ మార్పు కనబడును. 1974లో డేవిస్ కప్పు టెన్నిసు తుదిపోటీకి భారతదేశము చేరినది. ఎదుటి పక్షము దక్షిణాఫ్రికా. ఆడినచో గెలుపు మనదే కావచ్చునని పలువురు ఆశపడిరి. ప్రభుత్వము ఆడనియ్యలేదు. కప్పు ఆడకయే దక్షిణాఫ్రికాకు పోయినది. ఆటగాండ్రకు కలిగిన మనస్తాపమును మేము చులకన చేయము. కాని 1946లో గోనెలు మానుకొనిన దేశము 1974లో కప్పు మానుకొనుటలో వింత లేదు.

భావములే సర్వమును చేసినవా యని శ్రోతలు అడుగవచ్చును. కాదు. ఆ 1974లోనే అక్టోబరు 30న దక్షిణాఫ్రికాను సమితినుండి వెడలగొట్టు తీర్మానమును అమెరికా, బ్రిటను, ఫ్రాన్సు మూడును వీటో చేసినవి. ఆయుధముల నిషేధము అందరికిని విధియగుటకు 1977 వరకు ఆగవలసి వచ్చినది. 1985లో విదేశీ బ్యాంకులు అప్పులు తిరుగవ్రాయ నిరాకరించినప్పుడు ప్రిటోరియా ప్రభుత్వమునకు నిజమైన గుండెదడ పట్టినది. లోపల ప్రాణములొడ్డి పోరాడినవారు లేనిచో వెలుపలి తీర్మానములన్నియు కట్టలు కట్టి మూలవేసిన కాగితములే. వాస్తవికవాదులు ఇంతవరకు చెప్పినచో మేము అంగీకరింతుము. కాని 1986లో అధ్యక్షుడు రీగన్ వీటోను కాదని అమెరికా కాంగ్రెసు ఆంక్షల చట్టము చేసినప్పుడు ఆ దేశపు బలములో మార్పేమున్నది? అచ్చటి వోటరు అపార్థీడ్ అను మాట వినినప్పుడు పడు మనోవికారము మారినది. 1990లో మండేలా విడుదలయు, 1994 ఏప్రిలులో సర్వజనుల ఎన్నికలును లోకమెరిగినవే. 1998లో రోములో కుదిరిన ఒప్పందము అపార్థీడ్ ను మానవజాతిపై నేరములలో చేర్చినది. ఒక దేశపు ఇంటిమాట లోకపు శిక్షాస్మృతిలో పదమైనది.

గోడకు ఒకమారు వాకిలి పెట్టిన పిమ్మట దానిగుండా ఎవరైనను రావచ్చును. 1946 సభలోనే దక్షిణాఫ్రికా పక్షమువారు, మీ దేశములో కులభేదములు లేవా యని ఎత్తిపొడిచిరి. అది తప్పించుకొనుటకు వేసిన ఎత్తే. ఐనను ప్రశ్న నిలిచియే యున్నది. 2001లో జాతివివక్షపై ప్రపంచ మహాసభ డర్బనులో జరిగినది. సత్యాగ్రహుల గుడారములు వెలసిన నగరమే అది. మన దళిత సంఘములవారు అచ్చటికి పోయి, కులవివక్షయు ఈ సభలో చర్చకు రావలెనని కోరిరి. కులము జాతి కాదు, అది మా దేశపు అంతరంగిక విషయము, దానికి మా రాజ్యాంగమున్నది, అని భారత ప్రభుత్వము వాదించినది. తుది ప్రకటనలో కులము అను మాట చేరలేదు. మరుసటి యేడు, 2002 ఆగస్టులో, జాతివివక్ష నిర్మూలనకై ఏర్పడిన ఐక్యరాజ్యసమితి సంఘము, పుట్టుకను బట్టి చూపు వివక్షలో కులమును చేరునని తన అభిప్రాయము ప్రకటించినది. భారత ప్రభుత్వము దానిని ఒప్పుకొనలేదు.