గోదాట్లో పొగ ఓడ

మా మైలార్‌దేవ్‌పల్లి డాబా మీద వడియాలు పెట్టుకుంటూంటే, శంషాబాద్‌లో దిగబోయే విమానాలు దూరంగా కనిపిస్తూనే ఉంటాయి. మొన్న వేసవి సెలవులకి వచ్చిన మనవడు వాటిని లెక్కపెడుతూ హఠాత్తుగా అడిగాడు.

"అమ్మమ్మా, నువ్వు మొట్టమొదట ఎక్కిన విమానం ఏది?"

"విమానం కాదురా, నేను మొట్టమొదట ఎక్కింది లాంచీ. రాజమండ్రి రేవులో."

"ఓస్, పడవేగా!" అనేశాడు.

నాకు ఉక్రోషం వచ్చింది సుమండీ. రాజమండ్రిలో పుట్టిన దాన్ని, గోదాట్లో లాంచీని అంత తేలిగ్గా తీసిపారేస్తే ఊరుకుంటానా? వడియాల పిండి పక్కన పెట్టి మొదలుపెట్టాను.

మా చిన్నప్పుడు తిరిగినవి డీజిల్ లాంచీలు. వాటికి ముందు ఆవిరితో నడిచే స్టీమర్లుండేవి. ఆ రెండూ రాకముందు గోదావరి మీద ప్రయాణమంటే గాలివాటం చూసి తెరచాప ఎత్తడం, గాలి లేకపోతే గెడ వెయ్యడం, ఏటికి ఎదురెళ్లాలంటే గట్టుమీద నుంచి మనుషులు తాడు కట్టి లాగడం. అందుకే గాలితో, మనిషి రెక్కలతో పని లేకుండా ఏటికి ఎదురెళ్లే పొగ ఓడ అంటే జనానికి అంత వింత!

కాటన్ దొర పేరు చెబితే మనకు ధవళేశ్వరం ఆనకట్టే గుర్తొస్తుంది. 1847లో మొదలుపెట్టి 1852 కల్లా పూర్తి చేశాడు. పొలాలకి నీళ్లిచ్చిన మహానుభావుడని ఇవాళ్టికీ గోదావరి జిల్లాల్లో ఊరూరా ఆయన విగ్రహాలున్నాయి. కానీ ఆయనకి ఇంకో పిచ్చి ఉండేది. అది పడవల పిచ్చి. రైలు దారులకి డబ్బు తగలేసే కన్నా కాలవలు తవ్వితే చౌకలో సరుకులు పోతాయి, పొలాలూ పండుతాయి అని జీవితమంతా వాదించాడు. అందుకే ఆయన కాలవలకి లాకులు పెట్టించాడు. ధవళేశ్వరం నుంచి అటు కాకినాడకీ, ఇటు ఏలూరు మీదుగా బెజవాడకీ పడవలు తిరిగాయి. రైలు లేని ఆ రోజుల్లో మా వైపు వాళ్లు చెన్నపట్నం వెళ్లాలంటే కాలవ మీద కాకినాడ చేరి, అక్కడ సముద్రపు స్టీమరు ఎక్కేవారు. రంగూన్‌కి కూలికి పోయిన వాళ్ల దారీ కాకినాడ రేవే.

ఇంతటితో ఆయన తృప్తి పడలేదు. నాగపూరు, బేరారు దేశాల పత్తిని గోదావరి మీద స్టీమర్లతో కాకినాడకి దింపాలన్నది ఆయన పెద్ద కల. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం జరిగి, అక్కడి పత్తి రాక ఇంగ్లండు మిల్లులు అల్లాడిపోయాయి. దాంతో తెల్లవాళ్లందరి కళ్లూ మన గోదావరి మీద పడ్డాయి.

కానీ గోదావరి ఊరికే దారి ఇస్తుందా? ఏటి మధ్య రాతి గుట్టలు అడ్డం. అలాంటి గట్టి అడ్డంకులు మూడు చోట్ల. మొదటిది భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం దగ్గర, రెండోది ఇచ్చంపల్లి దగ్గర, మూడోది ఇంకా పైన ప్రాణహిత మీద. వాటిని తప్పించడానికి ఆనకట్ట కట్టి, పక్కగా కాలవ తవ్వి, లాకులు పెట్టాలి. లాకు సంగతి మీకు తెలిసిందే. పడవని గదిలాంటి దాంట్లోకి తెచ్చి, వెనక తలుపు మూసి, పైనుంచి నీళ్లు వదులుతారు. నీటితో పాటు పడవా పైకి లేస్తుంది. అప్పుడు ముందు తలుపు తీస్తారు. చెప్పడం తేలికే, అడవిలో, జ్వరాల మధ్య కట్టడమే కష్టం. దుమ్ముగూడెంలో కట్టారు. ఇచ్చంపల్లిలో సగంలో ఉండగానే, 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూరు చేరిపోయింది. పత్తి రైలెక్కి అటు పోయింది. 1871లో పనులు ఆపేశారు. కాటన్ కల కరిగిపోయినా దుమ్ముగూడెం ఆనకట్ట ఇప్పటికీ ఉంది.

మరి రాజమండ్రి మాటేమిటి? 1893 నాటికి రైలు గోదావరి రెండు గట్లకీ వచ్చింది గానీ మధ్యలో ఏరు. దాటడానికి పడవలే గతి. 1900లో 56 కమానాల హేవలాక్ వంతెన మీద రైలు నడిచాక ఆ అవసరమూ తీరింది. బస్సులూ కార్లూ దాటడానికి 1974లో రోడ్డూ రైలూ ఉన్న వంతెన వచ్చింది. మొదటి వంతెన 1997లో విశ్రాంతి తీసుకుంది.

అయినా ఎగువ గోదావరిలో లాంచీకి చాలా కాలం ఎదురు లేదు. పాపికొండల అవతలి ఊళ్లకి రైలెక్కడిది, రోడ్డెక్కడిది? భద్రాద్రి రాముడి యాత్రికులూ, చింతపండు బుట్టలూ, పెళ్లివారూ, పురుటికి వెళ్లే ఆడపిల్లలూ, అందరికీ లాంచీయే. 1973లో వచ్చిన 'అందాల రాముడు' చూశారుగా, భద్రాచలం ప్రయాణమంతా గోదారి మీదే! ఆ సినిమా చూసి వచ్చిన రాత్రి నేను "ఎంత బావుందో, ఆ రోజులే రోజులు" అని మురిసిపోతూంటే, మా అమ్మ అన్నం వడ్డిస్తూ చెప్పింది, తన తల్లి కథ.

మా అమ్మమ్మది కూనవరం పుట్టిల్లు. రాజమండ్రిలో కాపురం. ఒక శ్రావణమాసంలో, వాళ్లమ్మకి బాగా లేదని కబురొచ్చింది. అప్పటికే గోదావరి పొంగి ఎగువకి స్టీమర్లు ఆపేశారు. ఆవిడ చంటిపిల్లని చంకనేసుకుని రోజూ పొద్దున్నే రేవుకి వెళ్లి సరంగుని అడిగేది. "వరద తియ్యాలమ్మా" అనేవాడు. పదకొండు రోజులు అడిగింది. పన్నెండో రోజున స్టీమరు కదిలింది. పొద్దున్న ఎక్కితే దోవలో రాత్రి పడేది. మర్నాడు కూనవరం రేవులో దిగేసరికి గుండుతో నిలబడి ఉన్నాడు తమ్ముడు. ఇంక ఆవిడకి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"మీకు లాంచీ అంటే సినిమా. మా అమ్మకి లాంచీ అంటే ఆ పదకొండు రోజులు" అంది మా అమ్మ. ఆ చంటిపిల్ల తనే.

ఆ మాట విన్నప్పట్నుంచీ లాంచీ పోయిందని నిట్టూర్చబోయి ఆగిపోతుంటాను. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర విహారపు పడవ మునిగి ఎన్ని ఇళ్లు చీకటయ్యాయో! గోదారి అందం చూడ్డానికి వెళ్లినవాళ్లే వాళ్లంతా. ఇప్పుడు పోలవరం నీళ్లలో దేవీపట్నం వంటి ఊళ్లే మునిగిపోయాయి. ఏ రేవులో దిగామో చూపించడానికి కూడా ఉండదు.

రెండేళ్ల కిందట నేను ఆసుపత్రిలో ఉంటే, మధ్యాహ్నం కబురు విన్న మా అమ్మాయి బెంగుళూరులో విమానమెక్కి దీపాలవేళకి నా మంచం పక్కనుంది. దాని చెయ్యి పట్టుకున్నప్పుడు నాకు మా అమ్మమ్మే గుర్తొచ్చింది.

మనవడికి ఇదంతా చెప్పాను. వాడు విమానాలు లెక్కపెట్టడం మానేశాడు. కాసేపాగి, "మరి ఆవిడ మళ్లీ ఆ స్టీమరు ఎక్కిందా?" అన్నాడు.

"ఎక్కక ఏం చేస్తుందిరా? పుట్టింటికి అదొక్కటే దారి" అన్నాను.